మూడు ధాతువులు, ఒక క్రియ

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళకు మొట్టమొదట ఎదురయ్యే క్రియే అన్నిటికన్నా చిక్కైనది. నడవడానికి 'వాక్' అంటారు, నడిచాడనడానికి దానికే ఒక ప్రత్యయం తగిలించి 'వాక్డ్' అంటారు. 'బీ' దగ్గరికి వచ్చేసరికి యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీన్ అంటూ పోలికే లేని రూపాలు వరుస కడతాయి. ఇంగ్లీషుకు ఒక పద్ధతంటూ లేదని చెప్పేవాళ్ళు ముందుగా చూపేది దీన్నే. ఆ మాట సరికాదు. ఈ రూపాల్లో ప్రతి ఒక్కటీ తన కాలంలో నియమం ప్రకారం పుట్టిందే. తరవాత నియమాలు మారాయి, ఇవి మారలేదు. మారకపోవడానికి కారణం జనం వీటిని అంత ఎక్కువగా వాడటమే.

ఈ క్రియలో ప్రధానంగా మూడు వేరువేరు ధాతువులు కలిసిపోయి ఉన్నాయి. సంస్కృతం కాస్త తెలిసినవారికి ఆ మూడూ పరిచయమైనవే. యామ్, ఈజ్ అనేవి 'అస్మి', 'అస్తి'లకు జ్ఞాతులు. లాటిన్ 'ఎస్ట్', జర్మన్ 'ఇస్ట్' కూడా ఆ కుదురువే. బీ, బీన్ అనేవి 'భవతి' అన్నప్పటి భూ ధాతువుకు చెందినవి. వాజ్, వర్ అనేవి వస్ ధాతువువి. మన వసతి, నివాసం అక్కడివే. అంటే ఒకప్పుడు 'నివసించాడు' అన్న మాటే అరిగి అరిగి 'ఉండెను'గా మిగిలింది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ఇవన్నీ ఇంకా పూర్తిగా ఒక్కటి కాలేదు. 'వెసన్', 'బేయాన్' అని రెండు క్రియలు పక్కపక్కనే నడిచేవి. ఇక ముందు జరగబోయేదానికీ, ఎప్పటికీ నిజమైనదానికీ ఎక్కువగా రెండోదాన్ని వాడేవారు. సంస్కృతంలోనూ ఇలాంటి అతుకే ఉంది: అస్ ధాతువుకు కొన్ని ప్రత్యయాల ముందు భూ ఆదేశంగా వస్తుందని పాణిని సూత్రీకరించాడు. 'అస్తి'కి భవిష్యత్ రూపం 'భవిష్యతి' అయింది అందుకే. వాజ్, వర్‌లలో ఒకచోట 'జ', ఒకచోట 'ర' ఎందుకన్నదానికీ జవాబుంది. రెండిటి మూలంలోనూ ఉన్నది 'స'కారమే. ప్రాచీన కాలంలో బహువచన రూపాల్లో ఊనిక ప్రత్యయం మీద పడేది. దానివల్ల 'స' మెత్తబడి చివరికి 'ర' అయింది. 1870ల దశకంలో డేనిష్ పండితుడు కార్ల్ వెర్నర్ ఈ నియమాన్ని వైదిక స్వరాల సాయంతో తేల్చాడు. ఒక ఇంగ్లీషు అక్షరం గుట్టు వేదపాఠంలో దొరకడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది.

ఇవన్నీ అరువు తెచ్చుకున్నవి కావచ్చు కదా అని అడగవచ్చు. తెలుగులోనూ భవిష్యత్తు, వసతి, అస్తిత్వం ఉన్నాయి. అంతమాత్రాన తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు. ఆక్షేపణ బలమైనదే. కాని మనం తెచ్చుకున్నవి చాలావరకు నామవాచకాలు. 'ఉన్నాడు', 'అవుతాడు' అనడానికి ఉండు, అగు అనే సొంత ధాతువులే మనకున్నాయి. ఇంగ్లీషులో పోలిక మాటల దగ్గర ఆగక ప్రత్యయం దాకా పోయింది: 'అస్మి' చివర ఉన్న 'మి'యే 'యామ్' చివరి 'మ్'. 'భ' ఉన్నచోట 'బ' రావడం కూడా ఈ ఒక్క మాటకే పరిమితం కాదు. 'భ్రాత'కు 'బ్రదర్', మోయడమనే అర్థంలో 'భరతి'కి 'బేర్' ఉన్నాయి. 1816లో ఫ్రాంజ్ బోప్ సంస్కృతం, గ్రీకు, లాటిన్, పర్షియన్, జర్మానిక్ భాషల క్రియారూపాలను పోల్చి పుస్తకం ప్రచురించాడు. అదే ఏడాది మద్రాసులో ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన వ్యాఖ్యలో తెలుగు ధాతువులు సంస్కృతానివి కావని నిరూపించాడు. ధాతువులను పక్కపక్కన పెట్టి చూసే పద్ధతే ఒకచోట చుట్టరికాన్ని చూపింది, ఇంకొకచోట లేదని తేల్చింది. ఎటు చూసినా అవుననే పద్ధతైతే దాన్ని నమ్మనక్కరలేదు.

ఇక పాత రూపాలు నిలవడం సంగతి. 2007లో హార్వర్డ్ పరిశోధకులు ప్రాచీన ఆంగ్లంలోని 177 అపక్రమ క్రియలను కాలం వెంట గమనించి 'నేచర్' పత్రికలో ఫలితాలు ప్రకటించారు. మధ్యయుగానికి వాటిలో 145, మన కాలానికి 98 అపక్రమంగా మిగిలాయి. నూరు రెట్లు తక్కువగా వాడే క్రియ పది రెట్లు వేగంగా దారికొస్తుందని వాళ్ళు లెక్క తేల్చారు. ఎప్పుడో ఒకసారి వాడే మాట రూపం గుర్తుకు రాకపోతే మనిషి నియమాన్ని ఆశ్రయిస్తాడు. రోజంతా నోట్లో నానే మాటకు ఆ అవసరం రాదు. తెలుగులో 'వచ్చాడు' అని, వ్యతిరేకార్థంలో 'రాలేదు' అని తడుముకోకుండా అంటున్నామంటే కారణం అదే.

ఎక్కువ వాడే మాట ఎక్కువ అరగాలి కదా అంటారు కొందరు. అరుగుతుంది, కాని ఆ అరుగుదల ఉచ్చారణలో. 'ఐ యామ్' కాస్తా 'ఐమ్' అయింది; అంతమాత్రాన అది నియమానికి లొంగలేదు. వాడుక అన్ని రూపాలనూ కాపాడుతుందనీ చెప్పలేం. 'సంతి'కి దగ్గరి చుట్టమైన 'సిండన్' అనే పాత బహువచనం పోయి, ఉత్తరాది మాండలికపు 'ఆర్' దాని స్థానంలోకి వచ్చింది. ఇంగ్లండు నైరుతి పల్లెల్లో 'ఐ బీ', 'యూ బీ' అంటూ వర్తమానాన్ని ఒకే రూపానికి కుదించుకున్నారు. అయినా గతం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు అక్కడివాళ్ళు కూడా 'బీ'కి భూతకాల ప్రత్యయం తగిలించలేదు, వస్ ధాతువు రూపాలే వాడుకున్నారు.