పరికల్పనా పరీక్ష : తిరస్కరింపకుండుటయు అంగీకరించుటయు ఒకటి కావు

విద్యావిషయములపైనను, మనోవిజ్ఞాన విషయములపైనను వెలువడు పరిశోధన వ్యాసముల చివరి ప్రకరణమున “శూన్య పరికల్పన అంగీకరింపబడినది, కావున ఉభయ సమూహములకును భేదము లేదు” అను వాక్యము తరచుగా కానవచ్చును. ఈ తీర్మానము పరీక్ష చెప్పినదానికంటె ఎక్కువ చెప్పుచున్నది. ఆ అధికభాగ మెట్టిదో, దానివలన కలుగు నష్టమేమో, తెలుగునాట జరిగిన రెండు ప్రయోగముల ఆధారమున వివరించుట ఈ వ్యాసోద్దేశము.

పరికల్పన యనగా, పరిశీలనకు పూర్వమే నిశ్చయించుకొని, పరిశీలనచే ఖండింపబడుటకు వీలుగా చెప్పిన ప్రతిపాదనము. “మంచి బోధన మంచి ఫలితము నిచ్చును” అనునది పరికల్పన కాదు. అది యెన్నడును ఓడిపోదు. “కథల ద్వారా సంధులు నేర్చిన ఆరవ తరగతి పిల్లలు, సూత్రములు వల్లించి నేర్చిన వారికంటె పదములను విడదీయుటలో అధికముగ మార్కులు పొందుదురు” అనునది పరికల్పన. దీనికెదురుగ “ఉభయులకును భేదము లేదు” అను శూన్య పరికల్పనను నిలిపి, సాక్ష్యము దానిని పడగొట్టగలదా యని చూతుము.

ఈ తర్కమునకు 1935లో ఆర్. ఎ. ఫిషర్ తన గ్రంథమున నిచ్చిన ఉదాహరణము ప్రసిద్ధము. కప్పులో పాలు ముందు పోసిరో, తేనీరు ముందు పోసిరో రుచిచేతనే చెప్పగల నని ఒక వనిత పలికినది. ఎనిమిది కప్పులలో నాలుగింట పాలు ముందును, నాలుగింట తేనీరు ముందును పోసి, వరుస కలిపివేసి ఆమె కీయవలెను. ఎనిమిదింటినుండి నాలుగు నెన్నుకొను విధములు 70. ఏమియు తెలియక ఊహించినచో అన్నియు సరిపడుట 70లో ఒకటవ వంతు మాత్రమే. అది జరిగినచో, “ఆమెకు భేదము తెలియదు” అను శూన్య పరికల్పనను విడుచుట న్యాయము. వాడుకలోనున్న 5 శాతము సార్థకతా స్థాయి యిట్టిదే. అది శూన్య పరికల్పన సత్యమగుటకు గల అవకాశము కాదు. శూన్య పరికల్పన సత్యమే యైనను దానిని పొరబాటున త్రోసిపుచ్చుటకు మనము ముందుగా ఒప్పుకొనిన హద్దు.

ఈ నిర్ణయమున రెండు విధముల దోషములు కలుగవచ్చును. లేని భేదమును ఉన్నదనుట మొదటిది. ఉన్న భేదమును కనిపెట్టలేకపోవుట రెండవది. 1933లో నెయ్‌మన్, పియర్సన్‌లు ఈ రెంటిని కలిపి తూచవలెనని సిద్ధాంతీకరించిరి. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన సి. ఆర్. రావు 1948లో ప్రకటించిన స్కోరు పరీక్ష ఈ శాస్త్రమున నేటికిని ప్రధాన సాధనములలో నొకటి. అయినను మన పరిశోధకులు మొదటి దోషమును లెక్కించి, రెండవదానిని మరచుచున్నారు.

ఒక దృష్టాంతమును కల్పించుకొందము. రంగారెడ్డి జిల్లాలో, విజయవాడ రహదారిని హైదరాబాదు బాహ్యవలయ రహదారి కలియు పెద్ద అంబర్‌పేటలో ఒక పరిశోధక విద్యార్థి, ప్రభుత్వ పాఠశాలనుండి ముప్పది మందిని, ప్రైవేటు పాఠశాలనుండి ముప్పది మందిని తీసికొని తెలుగున పరీక్షించినాడనుకొందము. ప్రైవేటు పాఠశాల పిల్లలకు సార్థకమగు ఆధిక్యము కనబడినదే యనుకొందము. ఆ ఆధిక్యము పాఠశాలదా, ఫీజు కట్టగల ఇంటిదా? సాయంకాలము చదివించు తల్లిదా? గణిత మెంత నిర్దుష్టమైనను, పోలిక సరికానిచో పరీక్ష ఈ ప్రశ్నకు బదులు చెప్పదు.

దీనికి బదులు చెప్పగల ప్రయోగము అవిభక్త ఆంధ్రప్రదేశమున 2008లో ఆరంభమైనది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌లు ఐదు జిల్లాలలోని 180 గ్రామములలో, ప్రభుత్వ పాఠశాలల పిల్లల తల్లిదండ్రులనుండి ప్రైవేటు విద్యకు వోచరు కొరకు దరఖాస్తులు గైకొనిరి. లాటరీచే 90 గ్రామములను, ఆ గ్రామములలో మరల లాటరీచే పిల్లలను ఎన్నుకొనిరి. అందుచే వోచరు పొందినవారికిని పొందనివారికిని ఇంటి స్థితిలో క్రమబద్ధమగు భేద ముండదు. 2015లో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము, నాలుగు సంవత్సరముల తరువాత తెలుగున, గణితమున, ఆంగ్లమున, సామాన్య సాంఘిక శాస్త్రములలో ఉభయులకును సార్థకమగు భేదము కనబడలేదు. సామాన్యముగ పైకి కనబడు ఆధిక్యము చాలవరకు పాఠశాలది కాదని దీనివలన తేలినది.

అయినచో ఇచట “భేదము లేదు” అనుట ఒప్పు, ముప్పదిమందిపై చేసిన పరీక్షలో తప్పు ఎట్లగును? పరీక్షయొక్క చూపు ఎంత సూక్ష్మమైనదనుటలో నున్నది సమాధానము. రెండు సమూహములందును ముప్పదేసి మంది యున్నచో, వారి సగటుల భేదమునకు గల ప్రామాణిక దోషము సుమారు 0.26 ప్రామాణిక విచలనములు. దానికి రెండింతలు, అనగా సుమారు అర విచలనము ఉన్నగాని ఆ భేదము సార్థకమనిపించుకొనదు.

ఇదే పరిశోధకులు 2005లో మొదలిడిన మరియొక ప్రయోగము ఈ సంఖ్య విలువను తెలుపును. పిల్లల ప్రగతినిబట్టి ఉపాధ్యాయులకు బోనసు నిచ్చిన గ్రామీణ ప్రభుత్వ పాఠశాలలను, ఈయని పాఠశాలలతో పోల్చిరి. రెండేండ్లకు గణితమున 0.27, భాషలో 0.17 విచలనముల వృద్ధి కనబడినది. ఆ ప్రయోగమున వందలకొలది పాఠశాలలు పాల్గొన్నవి. గణితమున కనబడిన ఆ వృద్ధియే యథార్థముగ నున్నను, అరువదిమందిపై చేసిన పరీక్ష దానిని ఐదింట నాలుగు పర్యాయములు పట్టజాలదు. అట్టి పరిశోధకుడు “ప్రోత్సాహకమువలన ప్రయోజనము లేదు” అని వ్రాసినచో, ఉపయోగపడు పద్ధతి నొకదానిని ఆధారము లేకయే త్రోసివేసినవాడగును. సాక్ష్యము చాలక ముద్దాయిని విడిచిపెట్టుట, అతడు నిర్దోషి యని నిరూపించుట కాదు గదా!

వోచరు ప్రయోగమున గమనింపదగిన విషయము మరియొకటి కలదు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో బోధింపని హిందీని ప్రైవేటు పాఠశాలలు బోధించినవి. హిందీలో వోచరు పొందినవారే మిక్కిలి ముందుండిరి. తెలుగునకు, గణితమునకు ఆ పాఠశాలలు తక్కువ కాలము వినియోగించియు వెనుకబడలేదు. పైగా ఒక్కొక్క పిల్లవానిపై వాటి వ్యయము ప్రభుత్వ పాఠశాలల వ్యయమున మూడవ వంతుకంటె తక్కువ. తెలుగు గణితములను మాత్రమే పరీక్షించియున్నచో ఈ చిత్రము సగమే కనబడెడిది. అడుగని ప్రశ్నకు ఏ పరీక్షయు ఉత్తర మీయదు.

కావున పరిశోధక విద్యార్థులకు మేము సూచించునవి నాలుగు. పరికల్పనను, ఏ విషయములను కొలుతురో దానిని, దత్తాంశ సేకరణకు ముందే వ్రాసి యుంచవలెను. సమూహము లెట్లు ఏర్పడినవో స్పష్టముగ చెప్పవలెను. ఎంత చిన్న భేదమును పట్టగలదో లెక్కించి, తదనుగుణముగ సంఖ్యను నిర్ణయింపవలెను. చివర “సార్థకము”, “అసార్థకము” అను ముద్రతో సరిపుచ్చక, కనబడిన భేదమును, దాని హద్దులను అంకెలలో చూపవలెను. అప్పుడు “శూన్య పరికల్పన అంగీకరింపబడినది” అనుటకు బదులు “ఇంతకు మించిన భేద ముండుట అసంభావ్యము, ఇంతకు తక్కువదానిని ఈ పరిశోధన తేల్చజాలదు” అని వ్రాయగలుగుదుము. ఈ వాక్యము కొంత దీర్ఘమైనది. కాని దానిని నమ్మి పాఠశాలలో పద్ధతి మార్చుకొను ఉపాధ్యాయుడు మోసపోడు.