పేరు మారినా ఫైలు దొరకాలంటే

షేర్ మార్కెట్ ముగిశాక నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ రోజూ ఒక ఫైలు విడుదల చేస్తుంది. దాన్ని భావ్ కాపీ అంటారు. ఆనాడు ఏ షేరు ఎంత దగ్గర మొదలైంది, ఎక్కడ ఆగిందన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. చిక్కల్లా దాని పేరుతోనే. అందులో తేదీ ఉంటుంది కనుక రోజుకో పేరు. నిన్నటి ఫైలుకు ముడివేసిన ఎక్సెల్ షీటు ఇవాళ కూడా నిన్నటి ధరలే చూపిస్తుంది.

అందుకే చాలామంది రోజూ కాపీ, పేస్ట్‌లతోనే నెట్టుకొస్తారు. కాస్త తెలిసినవాళ్లు ఇన్‌డైరెక్ట్ ఫార్ములా వాడతారు. ఒక గడిలో తేదీ వేస్తే ఫైలు పేరు అదే తయారవుతుంది. అయితే ఆ భావ్ కాపీ ఫైలు తెరిచి ఉన్నంతసేపే ఈ సంబరం. మూసేస్తే గడుల్లో రెఫ్ ఎర్రర్! పైగా ఇవాళ్టి తేదీతో పేరు కడితే ఆదివారం పూట లేని ఫైలు కోసం వెతుకులాటే.

పవర్ క్వెరీ అనే సాధనం ఈ చిక్కును పక్కనుంచి దాటుతుంది. ఎక్సెల్ 2010, 2013లకు దీన్ని విడిగా తగిలించుకోవాల్సి వచ్చేది. 2016 నుంచి లోపలే ఉంది. డేటా ట్యాబ్‌లో గెట్ డేటాకు వెళ్లి, ఫైలుకు బదులు ఫోల్డర్‌ను చూపించాలి. జిప్‌గా వచ్చే భావ్ కాపీలను విప్పి ఆ ఫోల్డర్‌లో పడేస్తే వాటి జాబితా వస్తుంది. కొత్తది పైకొచ్చేలా క్రమం మార్చి, మొదటి వరుస ఒక్కటే ఉంచి, అందులోని డేటాను తెరిస్తే సరి. ఆపైన రోజూ చేయాల్సింది ఫైలు ఫోల్డర్‌లో వేసి, రిఫ్రెష్ నొక్కడమే.

ఏది కొత్తదో తేల్చడంలోనే అసలు మెలకువ ఉంది. ‘డేట్ మాడిఫైడ్’ను నమ్ముకుంటే, నెల కిందటి ఫైలును ఇవాళ దించుకున్నా అదే కొత్తదైపోవచ్చు. పేరును బట్టి వరుస పెడదామంటే పాత భావ్ కాపీల్లో రోజు ముందు, నెల తర్వాత ఉండేవి. దాంతో జనవరి 31 ఫైలు ఫిబ్రవరి 5 కన్నా పైకెక్కేది. 2024 జులై 8 నుంచి పాతవాటి స్థానంలో వస్తున్న కొత్త తరహా పేరులో తేదీ 20240708 తరహాలో ఉంటుంది. సంవత్సరం, నెల, రోజు అన్న క్రమం కాబట్టి వరుస తప్పదు.

ఆ మార్పుతోపాటే లోపలి శీర్షికలూ మారాయి. ‘సింబల్’, ‘క్లోజ్’ పోయి, వేరే పేర్లొచ్చాయి. ఫైలు దొరికినా, పాత శీర్షికలతో రాసిన క్వెరీ ‘ఆ కాలమ్ లేదు’ అంటూ ఆగిపోతుంది. పవర్ క్వెరీ ఎడిటర్‌లో ‘చేంజ్‌డ్ టైప్’ అనే మెట్టు దగ్గరే సాధారణంగా ఈ తడబాటు. అక్కడ కొత్త శీర్షికలు రాసి, పాత తరహా ఫైళ్లను వేరే ఫోల్డర్‌కు మారిస్తే రిఫ్రెష్ మళ్లీ పనిచేస్తుంది.