ఛాతీ ఆపరేషను పిదప నొప్పి నివారణ

మన గ్రామములనుండి ఊపిరితిత్తుల ఆపరేషనుకై పట్టణమునకు పోవువారు నేడు అరుదు కారు. 2007లో ఆరోగ్యశ్రీ పథకము ఆరంభమైన పిదప ఎన్నో పెద్ద ఆపరేషనులు బీద కుటుంబములకును అందుబాటులోనికి వచ్చినవి. ఆపరేషనుకు ముందు బంధువులచేత సంతకము చేయించుదురు. అప్పుడు “వీపున సూది” అనుమాట వినగానే పలువురు జంకుచున్నారు. పంచాయతీ సభ్యునికి ఫోను చేసి, “ఒప్పుకొనవచ్చునా?” యని అడుగుట సహజము. ఆ ప్రశ్నకు మీరు బదులు చెప్పగలుగుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఛాతీని తెరచుటకు ప్రక్కటెముకల నడుమ కోసి, వానిని ఎడము చేయుదురు. ఒక్కొక్క ఎముక క్రిందుగా ఒక్కొక్క నరము పోవుచున్నది. విరిగిన చేతిని కట్టుకట్టి కదలకుండ ఉంచవచ్చును. ప్రక్కటెముకలకు ఆ విశ్రాంతి లేదు, ప్రతి శ్వాసకును కదలవలసినదే. నొప్పికి వెరచి రోగి పైపైన ఊపిరి తీసికొనును, దగ్గును బిగబట్టును. కఫము లోన నిలిచి న్యుమోనియా పట్టవచ్చును. ఆపరేషను బాగుగా జరిగినను తరువాత ప్రాణముమీదికి వచ్చుటకు ఇది యొక కారణము. మార్ఫిను వంటి మందులు నొప్పిని తగ్గించునుగాని, మోతాదు పెరిగినకొలది మగత, వాంతులు కలిగి శ్వాసయే మందగించును. అందుచేత రోగి మెలకువతో ఉండగనే ఆ నరములకు మాత్రము తిమ్మిరి కలిగించు పద్ధతులు ఏర్పడినవి.

వానిలో పేరొందినది ఎపిడ్యూరల్. స్పెయిను దేశపు సైనిక వైద్యుడు ఫిడెల్ పాజెస్ 1921లో ఈ విధానమును ప్రకటించెను. వెన్నుపూసల నడుమగా సూది దూర్చి, వెన్నుపామును కప్పిన పొరకు వెలుపల సన్నని గొట్టమును అమర్చి, బుపివకైన్ వంటి మందును కొన్ని దినములు కొద్దికొద్దిగా పంపుదురు. నొప్పి చక్కగా అణగును. అయితే ఛాతీకి ఇరువైపులను తిమ్మిరెక్కును. రక్తపుపోటు పడిపోవచ్చును, మూత్రము బిగియవచ్చును. రక్తమును పలుచబరచు మందులు వాడువారికి లోపల రక్తము చేరి వెన్నుపామును నొక్కు ప్రమాదము, అరుదైనను, కలదు.

రెండవది పారావెర్టెబ్రల్. వెన్నెముక ప్రక్కన, నరము వెలుపలికి వచ్చు తావున, కోసిన వైపుననే మందు ఇత్తురు. 1905లో జర్మనీలో హ్యూగో సెల్‌హైమ్ దీనిని ఆరంభించెను. పిదప మరుగునపడి 1979 తరువాత మరల వాడుకలోనికి వచ్చినది. ఛాతీని తెరచిన ఆపరేషనులపై జరిగిన పరిశోధనలను 2016లో కొక్రేన్ సంస్థ సమీక్షించినది. రెంటివలన కలుగు ఉపశమనము ఇంచుమించు సమానమనియు, రక్తపుపోటు తగ్గుట, వికారము, దురద, మూత్రము బిగియుట రెండవదానిలో తక్కువనియు తేలినది. ఒకవైపే కోసినప్పుడు ఇదియే మేలని మాకు తోచుచున్నది. అయినను ఇచ్చు మత్తు డాక్టరుకు ఏ పద్ధతిలో చేయి తిరిగియున్నదో అదియు లెక్కకు రావలెను.

ప్రక్కటెముకల క్రింది నరములకు విడివిడిగా ఇచ్చు సూది సులభమే. కాని దాని పని కొన్ని గంటలలో తీరిపోవును. 2016లో వెల్లడియైన ఎరెక్టర్ స్పైనే పద్ధతిలో అల్ట్రాసౌండుతో చూచుచు వీపు కండరము క్రింద మందు నింపుదురు. వెన్నుపామునకు దూరము గనుక భయము తక్కువ. ఫలితము మాత్రము అందరికిని ఒకేరీతి ఉండదు.

వీపున సూది వేసిన జన్మాంతము నడుమునొప్పి వచ్చునను భీతి మన పల్లెలలో బలముగా ఉన్నది. ప్రసవమునకు ఎపిడ్యూరల్ పొందిన స్త్రీలపై జరిగిన పరిశోధనలలో అది రుజువు కాలేదు. దాచరాని విషయము వేరొకటి కలదు: రోగి రక్తము పలుచబరచు మాత్రలు వాడుచున్నచో ముందుగనే చెప్పవలెను, తమంతట తాము మానరాదు. సూది వేసిన పిదప కాళ్లు పట్టు తప్పినచో తక్షణమే నర్సును పిలువవలెను.

మనవారికి ఓర్చుకొనుట గొప్ప. నర్సు వచ్చి అడిగినప్పుడు “పరవాలేదమ్మా” అనక, దగ్గినప్పుడు ఎంత నొప్పి కలుగుచున్నదో చెప్పవలెనని రోగితో ముందే అనుడు. దానినిబట్టియే వారు మందు మోతాదును సవరింతురు.