దారి చూపు గడియారము

గడియారము కాలమును చెప్పు సాధనమని మన మెరుగుదుము. నేడు దూరపు పరుగు పందెములలో పాల్గొనువారి మణికట్టున నున్న గడియారము స్థలమును గూడ చెప్పుచున్నది. మారథాన్ దూరమైన 42 కిలోమీటర్లను మించిన పరుగును అల్ట్రా మారథాన్ అందురు. ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండు దేశముల మీదుగా మాంట్ బ్లాంక్ పర్వతమును చుట్టివచ్చు పందెము వానిలో ప్రసిద్ధమైనది. 2003లో ఆరంభమైన ఈ పందెమున సుమారు 170 కిలోమీటర్లు సాగవలెను. ఎక్కవలసిన ఎత్తులన్నియు కలిపిన సుమారు 10,000 మీటర్లగును. రాత్రివేళ, నిద్రలేని కన్నులతో, పొగమంచులో దారి తప్పుట ప్రాణాపాయము. అందుచేతనే ఈ గడియారమున కంతటి ఆదరణ.

ఇది పనిచేయు తీరు విద్యార్థులు తెలిసికొనదగినది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు జి.పి.ఎస్. ఉపగ్రహములు తమ స్థానమును, కాలమును రేడియో తరంగముల ద్వారా నిరంతరము తెలుపుచుండును. సంకేతము చేరుటకు పట్టిన కాలమును బట్టి గడియారము దూరమును లెక్కించును. తరంగవేగము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. కనుక సెకనులో పది లక్షలవ వంతు పొరపాటైనను దూరమున 300 మీటర్ల తేడా వచ్చును. స్థాన నిర్ణయమునకు మూడు ఉపగ్రహములు చాలవా? చాలవు. ఉపగ్రహములో నున్నంతటి సూక్ష్మమైన అణుగడియారము చేతికి కట్టుకొనుటకు లేదు. ఆ కాలదోషమును దిద్దుటకు నాలుగవ ఉపగ్రహము కావలెను.

పందెమునకు ముందే మార్గమును ఇందులోనికి ఎక్కించుకొందురు. చిన్న తెరపై ఒక గీత, దానిపై మన మున్నచోట ఒక గుర్తు కనబడును. గీతను విడిచినచో గడియారము కంపించి హెచ్చరించును. అయినను దీనికి హద్దులు గలవు. లోతైన లోయలలో రాతిగోడలకు తగిలి వచ్చిన సంకేతము మన స్థానమును పక్కకు జరిపి చూపును. కదలక నిలిచినవాని ముఖ మే దిక్కున నున్నదో ఉపగ్రహములు చెప్పజాలవు. దానికి దిక్సూచి కావలెను. కొలతలు తరచుగా తీసినకొలది బ్యాటరీ త్వరగా తరుగును.

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రమున 1986లో ఆరంభమైన బార్‌క్లీ మారథాన్స్ పందెములో ఈ సాధనము నిషిద్ధము. పటము, దిక్సూచి మాత్రమే ఆధారము. 60 గంటలలో 5 చుట్లు ముగింపవలెను. అడవిలో దాచిన పుస్తకముల నుండి తన సంఖ్యగల పుటలు చింపి తెచ్చుటయే సాక్ష్యము. 2017లో కెనడా దేశీయుడు గ్యారీ రాబిన్స్ ఐదవ చుట్టు చివర పొగమంచులో దారి తప్పెను. పుటలన్నియు చేతనుండగా, గడువు దాటిన 6 సెకనులకు గమ్యము చేరెను. సుమారు 2 మైళ్ల మార్గము తప్పినందున, ఆ 6 సెకనులు కలిసివచ్చినను ఆ పరుగు లెక్కకు రాకపోయెడిది. 2024లో బ్రిటిషు వనిత జాస్మిన్ పారిస్ అవే నియమములకు లోబడి, 99 సెకనులు మిగులగా పందెమును ముగించి, అట్లు ముగించిన మొదటి స్త్రీ యయ్యెను.

రాబిన్స్ చేతిలో ఆ గడియార ముండిన దారి తప్పకపోయెడివాడేమో! పారిస్ మాత్రము అది లేకయే కొండలను గుర్తుపట్టెను. కొండలో ప్రాణరక్షణకు యంత్రమును వెంట నుంచుకొనవలసినదే. కాని దాని బ్యాటరీ అయిపోయిన క్షణమున మిగులునది పటము చదువగల చదువే. ఉపాధ్యాయులు ఒకనాడు పిల్లలను ఊరి పొలిమేరకు తీసికొనిపోయి, ముందుగా కాగితముపై దారిని గీయించి, పిమ్మట దానిని యంత్రము గీసిన గీతతో పోల్చి చూపవచ్చును. రెండు గీతలు ఎచ్చట వేరుపడినవో, ఎందుచేత వేరుపడినవో పిల్లలే చర్చించుకొందురుగాక.