పాత నెగటివులను శుభ్రపరచుట

పాత పెట్టెలలో దొరకు ఫోటో నెగటివులను స్కానరు ద్వారా కంప్యూటరులోనికి ఎక్కించుకొను అలవాటు నేడు హెచ్చినది. 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై బొమ్మ కొలత 36 × 24 మి.మీ. మాత్రమే. దానిని పది రెట్లు పెంచినచో, 0.07 మి.మీ. మందము గల తలవెండ్రుక బొమ్మలో 0.7 మి.మీ. గీత యగును. తాతగారి బుగ్గపై అట్టి గీత పడినచో ఎట్లుండునో ఊహించుడు.

కొన్ని స్కానర్లలో పరారుణ కిరణములచే దుమ్మును గుర్తించు ఏర్పాటు కలదు. రంగుల ఫిల్ములోని వర్ణద్రవ్యముల గుండా ఆ కిరణములు దాటిపోవును. దుమ్ము మాత్రము అడ్డగించును. కాని నలుపు తెలుపు పాత నెగటివులోని బొమ్మ వెండి కణములతో ఏర్పడినది. వెండియు ఆ కిరణములను అడ్డగించుటచే దుమ్మేదో, బొమ్మేదో యంత్రమునకు తెలియదు. కావున చేతితో శుభ్రపరచుట తప్పదు.

నెగటివును వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడుడు. నిగనిగలాడు వైపు సాధారణముగా సెల్యులోజ్ ఎసిటేటు పట్టీ. మసకగా నున్న వైపు జిలాటిన్ పొర. వెండి కణములు ఇందులోనే యుండును. జిలాటిన్ పశువుల ఎముకల నుండి, చర్మము నుండి తీయు ప్రోటీను. అది చన్నీటిలో ఉబ్బును గాని కరగదు. ఈ గుణము వలననే డెవలపరు ద్రావణము పొరలోనికి చొచ్చుకొని పోగలుగుచున్నది.

నీటిలోనే తయారైన వస్తువునకు నీటి వలన హాని యేమని అడుగవచ్చును. నేనును అట్లే తలచితిని. మా ఇంట బూజు మచ్చలున్న నెగటివు నొకదానిని నీటిలో ముంచితిని. మచ్చలున్న మేర బొమ్మ జారి నీటిలో కలిసిపోయినది. మా నాయనమ్మ యౌవనమున తీసిన ఫోటో అదొక్కటే!

బూజునకు జిలాటిన్ ఆహారము. అది తన ఎంజైములచే ప్రోటీను అణువుల పొడవైన గొలుసులను తుంచివేయును. ఆ చిన్న ముక్కలు నీటిలో కరగును. పైకి మాత్రము పొర గట్టిగానే కనిపించును. తేమ హెచ్చుగా నుండు మన కోస్తా జిల్లాలలో అటక మీది నెగటివులను ముందుగా ఈ దృష్టితో చూడవలెను.

శుభ్రపరచుటకు పూర్వమే, ఉన్నది ఉన్నట్లు ఒకసారి స్కాను చేసికొనుడు. పిదప రబ్బరు బుడ్డితో గాలి కొట్టి దుమ్మును ఎగురగొట్టుడు. నోటితో ఊదరాదు, తుంపరలు పడును. పొడి గుడ్డతో రుద్దినచో ఇసుక రేణువులు గీతలు గీయును. పైగా స్థిరవిద్యుత్తు పుట్టి, తల దువ్విన దువ్వెన కాగితపు ముక్కలను లాగినట్లు, ఫిల్ము కొత్త దుమ్మును లాగుకొనును.

వ్రేలిముద్రల జిడ్డునకు 98 శాతమునకు తగ్గని ఐసోప్రొపైల్ ఆల్కహాలు వాడవచ్చును. నూగు రాలని మెత్తని గుడ్డను కొద్దిగా తడిపి, మొదట అంచున పరీక్షించి, పిదప మెల్లగా తుడువవలెను. దగ్గర మంట ఉండరాదు. కిటికీలు తెరచి యుంచవలెను. 70 శాతపు రకము పనికిరాదు. అందు మిగిలినది దాదాపు నీరే. ఎసిటోను మాటే తలపెట్టరాదు. అది ఎసిటేటు పట్టీనే కరగించును. ఒకదాని కొకటి అంటుకొన్న నెగటివులను బలవంతముగా ఊడదీయరాదు.

డబ్బా తెరవగనే వెనిగరు వాసన వచ్చినచో ఎసిటేటు విచ్ఛిన్నమగుచున్నదని గ్రహింపవలెను. అట్టి ఫిల్ము క్రమముగా కుంచించుకొని వంకరలు పోవును. ఇక దుమ్ము సంగతి ఆలోచించుచు కూర్చుండక, వాటినే అన్నిటికన్న ముందు స్కాను చేయవలెను.