సున్నాకు చేరువైన ద్రవ్యోల్బణం, దిగిరాని వెచ్చాల బిల్లు

2025 నవంబరు 12న కేంద్ర గణాంక శాఖ అక్టోబరు నెల చిల్లర ద్రవ్యోల్బణం 0.25 శాతమని ప్రకటించింది. 2012 ఆధార సంవత్సరంగా లెక్కకట్టిన సూచీలో అంత తక్కువ అంకె అంతకుముందు ఎన్నడూ రాలేదు. ఆహార ధరలైతే ఏకంగా మైనస్ 5.02 శాతం. అంటే తిండి చవకైందన్నమాట. కానీ ఆ రోజుల్లో రిజర్వు బ్యాంకు ఇళ్లకు వెళ్లి అడిగినప్పుడు, ధరలు ఆరు శాతానికి మించే పెరుగుతున్నాయని కుటుంబాలు చెప్పాయి. దీంతో ప్రభుత్వానివి కాకిలెక్కలని కొట్టిపారేసేవాళ్లు కొందరు, జనానికి లెక్కలు తెలియవని విసుక్కునేవాళ్లు కొందరు. నా దృష్టిలో రెండూ తొందరపాటు మాటలే. అంకె తప్పు కాదు, ఇంటావిడ బాధా అబద్ధం కాదు.

ముందు అంకె సంగతి. ద్రవ్యోల్బణం చెప్పేది నిరుడు ఇదే నెలతో పోలిస్తే ధర ఎంత మారిందన్నది మాత్రమే. కందిపప్పు కిలో 110 రూపాయల నుంచి 160కి ఎగబాకి, మరుసటి ఏడాది 163 దగ్గర నిలిచిందనుకుందాం. ఆ రెండో ఏడాది లెక్కలో పప్పు ద్రవ్యోల్బణం రెండు శాతం లోపే. ఎగబాకిన యాభై రూపాయలూ ఆ అంకెలో కనిపించవు, కొట్లో మాత్రం ప్రతి నెలా కట్టాల్సిందే. ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధర తగ్గిందని అర్థం కాదు, పెరిగే వేగం తగ్గిందని.

మరి మైనస్ ఎలా వచ్చింది? కూరగాయల దగ్గర ఆగి చూద్దాం. 2024 అక్టోబరులో వాటి ధరలు అంతకుముందు ఏడాది కంటే 42 శాతం పెరిగాయి. 2025 అక్టోబరులో 27.6 శాతం తగ్గాయి. ఈ రెండంకెలనూ పక్కపక్కన పెట్టండి. 2023లో వంద రూపాయలకు వచ్చిన కూరగాయల సంచి 2024లో 142 అయింది, 2025లో 103కు దిగింది. రెండేళ్ల కిందటితో పోలిస్తే మూడు రూపాయలు ఎక్కువే. 2024 నాటి మంట అంత పెద్దది కాబట్టి 2025 తగ్గుదల అంత గొప్పగా కనిపించింది. కూరగాయలు దిగిరావడం నిజమే, దాన్ని కాదనకూడదు. కానీ తగ్గింది ప్రధానంగా పాడైపోయే సరుకు. ఒక్క భారీ వానకు మళ్లీ ఎగిరిపోగలదు. 2023 జులైలో టమాటా కిలో రెండొందలు తాకినప్పుడు రైతుబజార్లలో యాభై రూపాయల రాయితీ టమాటాల కోసం జనం బారులు తీరడం మనం మరిచిపోలేదు. ఆ నెల కూరగాయల ద్రవ్యోల్బణం 37 శాతం.

అదే 2025 అక్టోబరులో నూనెల ధరలు 11 శాతం పైగా పెరిగి ఉన్నాయి. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి వంటనూనెలపై దిగుమతి సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచింది. మరుసటి మే నెలాఖరులో 16.5కు తగ్గించింది. అప్పటి సూచీలో నూనెలు, కొవ్వుల వాటా 3.56 శాతం, కూరగాయలది 6.04. అంత చిన్న వాటా ఉన్న నూనె ఎంత పెరిగినా, కూరగాయల పతనం ముందు మొత్తం అంకెలో కనబడదు. వంటింట్లో మాత్రం తాలింపు పెట్టని రోజుండదు.

ఇక వాటాల మాట. 2012 ఆధారంగా ఉన్న ఆ పాత సూచీకి దేశమంతటా 1,181 పల్లెలు, 1,114 పట్టణ మార్కెట్ల నుంచి ధరలు సేకరించి, సగటు కుటుంబం ఖర్చును బట్టి ఒక్కో సరుకుకు వాటా కట్టేవారు. అందులో ఆహారానికి పల్లెల్లో 54 శాతం, పట్టణాల్లో 36, రెండూ కలిపి 46 శాతం వాటా ఉండేది. 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త సూచీలో అది సుమారు 37కు తగ్గింది. ఇందులో మోసం లేదు. 2023-24 కుటుంబ వినియోగ సర్వే ప్రకారమే తిండిపై ఖర్చు వాటా మునుపటికంటే తగ్గింది, పదేళ్లు పైబడిన బుట్టను సవరించాల్సిందే. కానీ సగటు కుటుంబం వేరు, కూలి డబ్బుల్లో సగానికిపైగా తిండికే పోయే కుటుంబం వేరు. ఆ ఇంటికి కొత్త అంకె ఇంకాస్త దూరమైంది.

ఈ దూరం ఎవరి కంచంలో కనిపిస్తుందో చెప్పడానికి మధ్యాహ్న భోజన పథకం చాలు. ప్రాథమిక పాఠశాల పిల్లవాడికి పూటకు 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె పెట్టాలని నిబంధన. బియ్యం విడిగా వస్తుంది. మిగతావన్నీ, పోపు దినుసులు, వంటచెరకుతో సహా, కొనడానికి 2022 అక్టోబరులో కేంద్రం ఖరారుచేసిన ధర తలకు 5.45 రూపాయలు. టమాటా రెండొందలైనా అంతే, కూరగాయలు 42 శాతం పెరిగినా అంతే. 2024 డిసెంబరులో గానీ అది 6.19 కాలేదు, 2025 మే నుంచి 6.78 అయింది. ఆ రెండేళ్ల పైచిలుకు కాలంలో ధర పెరిగినప్పుడల్లా వండే మహిళలు కూరైనా పలచన చేసుకోవాలి, అప్పైనా తేవాలి.

కాబట్టి ఈసారి ద్రవ్యోల్బణం ప్రకటన వచ్చినప్పుడు మొత్తం అంకెతో ఆగకండి. పప్పులు, నూనెలు, కూరగాయలు విడివిడిగా చూడండి, రెండేళ్ల కిందటి అంకెనూ పక్కన పెట్టి చూడండి. ప్రభుత్వాలను అడగాల్సింది కూడా ఒకటుంది. ఉద్యోగుల కరువు భత్యాన్ని ఏటా రెండుసార్లు ధరల సూచీతో సరిచూస్తున్నారు. బడిపిల్లల పప్పు, నూనెల ఖర్చును కూడా అలాగే ఆరు నెలలకోసారి సవరించాలి.