పాత పిఎస్‌పి మొరాయిస్తే ఏం చూడాలి?

పిఎస్‌పి అంటే చేతిలో పట్టుకుని ఆడే ఆటల యంత్రం. సోనీ కంపెనీ దాన్ని 2004లో జపాన్‌లో విడుదల చేసింది. దాన్ని లోపలినుంచి నడిపించేది ఫర్మ్‌వేర్. కంపెనీ ఇచ్చిన ఆఖరిది 6.61, 2015లో వచ్చింది. దాన్నే బయటివాళ్లు మార్చి చేస్తే కస్టమ్ ఫర్మ్‌వేర్ అంటారు. "ప్రో" అలాంటిదే. అది ఎక్కించేటప్పుడు వచ్చే చిక్కులు నాకు తెలిసినంత చెప్తాను.

1. ముందు సెట్టింగులలో వెర్షన్ నంబరు చూడాలి. ఆ నంబరు కోసం చేసిందే ఎక్కించాలి.

2. "డేటా పాడైంది" అని తెర మీద వస్తే యంత్రం పోయిందని ఏడవొద్దు. ఎక్కువసార్లు ఫైలు చోటు తప్పి ఉంటుంది. మెమరీ స్టిక్‌లో పిఎస్‌పి ఫోల్డరు, అందులో గేమ్ ఫోల్డరు, దాంట్లో ప్రో ఫోల్డరు ఉండాలి. ఊళ్లో వీధి, వీధిలో ఇల్లు లాగన్నమాట.

3. 3000 మోడల్‌ని పూర్తిగా ఆపి వేస్తే "ప్రో" కనపడదు. మళ్లీ ఎక్కించక్కర్లేదు. ఫాస్ట్ రికవరీ నడిపితే చాలు, వచ్చేస్తుంది.

4. అన్నిటికన్నా ముఖ్యం ఛార్జింగు. ఫర్మ్‌వేర్ రాస్తుండగా ఆగిపోతే సగమే రాసి ఉంటుంది, యంత్రం ఇక లేవకపోవచ్చు. దాన్ని "బ్రిక్" అయింది అంటారు, అంటే ఇటుక! అందుకని బ్యాటరీ నిండా ఉంచి, ఛార్జరు కూడా పెట్టాలి.

కాబట్టి కంగారుపడి మళ్లీ మళ్లీ ఎక్కించకండి. తెర మీద ఏం రాసిందో ముందు చదవండి.